ఆమె వైపు నుంచి చూసిన కాపురం

తాగుబోతు మొగుడి కథ అనగానే పాత హాలీవుడ్ సినిమాలు చూసేవాళ్లు టక్కున చెప్పే పేరు ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’. 1937లో విలియం వెల్‌మన్ తీశాడు. తాగి తాగి పేరు పోగొట్టుకున్న నటుడి వేషం ఫ్రెడ్రిక్ మార్చ్‌ది. భార్య పైకి వస్తూ ఉంటే తను జారిపోతూ ఉంటాడు. ఆఖరికి సముద్రంలోకి నడిచి వెళ్లిపోతాడు. ఆ కథను 1954లో ఒకసారి, 1976లో మరోసారి, 2018లో ఇంకోసారి తీశారు. హిందీ ‘ఆషికీ 2’లో కనిపించేవీ ఆ ఛాయలే. దాన్ని 2014లో ‘నీ జతగా నేనుండాలి’ అని తెలుగులోకీ తెచ్చారు. ఇన్నేళ్లుగా ఆ మొగుడి కోసం తరాల తరబడి ప్రేక్షకులు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. తుడుచుకోనివ్వండి, కాదనను.

నా గొడవ వేరే. అదే ఫ్రెడ్రిక్ మార్చ్ దానికి అయిదేళ్ల ముందు, 1932లో, ఇంకో తాగుబోతు మొగుడి వేషం కట్టాడు. సినిమా పేరు ‘మెర్రిలీ వుయ్ గో టు హెల్’. కులాసాగా నరకానికి పోదాం పదండి అని అర్థం. గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆ మొగుడు అనే మాట అది. తీసింది పారామౌంట్ కంపెనీ. దర్శకురాలు డొరతీ ఆర్జ్‌నర్. భార్యగా సిల్వియా సిడ్నీ. గంటన్నర కూడా పట్టని సినిమా. తాగుబోతుతో కాపురం ఎలా ఉంటుందో తాగనివాళ్ల వైపు నిలబడి ఇంత నిక్కచ్చిగా చూపించిన టాకీ ఆ రోజుల్లో మరొకటి నాకు కనపడలేదు. తర్వాత వచ్చినవాటిలోనూ ఒకటీ అరా తప్ప లేవు. అయినా ఈ సినిమా పేరెత్తేవాళ్లు లేరు. చూశామని చెప్పేవాళ్లు కూడా వేరే ఏదో కోసం చూసినవాళ్లే.

నెలకో సినిమా వేసే ఫిల్మ్ క్లబ్బు ఒకదానిలో దీన్ని వేద్దామని అడిగాను. ‘బ్లాక్ అండ్ వైట్ తాగుబోతు కథకి ఎవరొస్తారండీ?’ అన్నారు నిర్వాహకులు. ఆ నెల వేసింది ‘బైసికిల్ థీవ్స్’. అదేమన్నా కలర్ సినిమానా? పైగా దాన్ని ఇదివరకే చూడనివాళ్లు ఆ హాల్లో ఉన్నట్టు నాకు తోచలేదు. ‘బైసికిల్ థీవ్స్’ మీద నాకు కోపం లేదు. అందరూ గొప్పవని ఒప్పేసుకున్నవాటికే మళ్లీ మళ్లీ హారతి పట్టి, ఎవరూ పట్టించుకోనివాటి ముఖం కూడా చూడకపోతే ఇక ఆ క్లబ్బు ఎందుకని నా బాధ. కొత్తది చూపించలేని క్లబ్బుకి చందా ఎందుకు కట్టాలి?

సరే, సినిమా సంగతికి వద్దాం.

కథ షికాగోలో ఒక విందులో మొదలవుతుంది. డాబా మీద వరసగా విస్కీ సీసాలు. ఆ సీసాల వెనక జెర్రీ కార్బెట్ ముఖం. పత్రికలో విలేఖరి. నాటకాలు రాసి పేరు తెచ్చుకోవాలని కోరిక. సీసా వదిలితే కదా కలం పట్టేది! అదే విందుకి వచ్చిన పిల్ల జోన్ ప్రెంటిస్. బాగా డబ్బున్నవాడి కూతురు. లోపల ఎవడో జిడ్డులా పట్టుకుంటే తప్పించుకుని డాబా మీదికి వస్తుంది. జెర్రీ మాటకారి. ఏదో పాట పాడతాడు, ఏవో కబుర్లు చెప్తాడు, ఆమెను నవ్విస్తాడు. ఆ ఇంట్లో ఆమెను మనిషిగా చూసి మాట్లాడినవాడు అతనొక్కడే. జోన్ అతనిలో ఏం చూసిందని తర్వాత మనం అడగకుండా, ఆ నాలుగు నిమిషాల్లోనే ఆర్జ్‌నర్ జవాబు చెప్పేస్తుంది.

జెర్రీని ఆవిడ దుర్మార్గుడిగా చూపించకపోవడంలోనే ఈ సినిమా గట్టితనం ఉంది. పిల్లను వదిలేస్తే డబ్బిస్తానని జోన్ తండ్రి బేరం పెడతాడు. జెర్రీ ఆ డబ్బు ముట్టడు. తాగనప్పుడు మంచివాడు, సరదా మనిషి, మనసున్నవాడు. అదే కదా చిక్కు! రోజూ కొట్టే మొగుడైతే ఊరంతా కలిసి తిడుతుంది. పగలు మంచివాడైన మొగుణ్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు, పెళ్లానికి అసలే రాదు. ‘మనిషి బంగారం, ఆ ఒక్క అలవాటే’ అనే మాట మన వీధుల్లో ఎన్ని ఇళ్ల ముందు వినలేదు? ఆ ఒక్క అలవాటే కాపురమంతా ఎలా అవుతుందో ఈ సినిమా లెక్క చెప్పినట్టు చెప్తుంది.

నిశ్చితార్థం విందు నాడు అతిథులంతా వచ్చేస్తారు. పెళ్లికొడుకు రాడు. జోన్ గుమ్మం వైపు చూస్తూ అందరికీ ఏదో ఒకటి సర్దిచెప్తూ ఉంటుంది. చివరికి కారు వస్తుంది. అందులో జెర్రీ ఒళ్లు తెలియకుండా పడి ఉంటాడు. ఇలాంటి చోట సినిమావాళ్లు సాధారణంగా తాగినవాడి మీదే కెమెరా పెడతారు. వాడు తూలాలి, పడాలి, జనం నవ్వాలి. లేదా వాడి కన్నీళ్లు చూసి జనం కరగాలి. ఇక్కడ మనం చూసేది జోన్ ముఖాన్ని. లోపల విందులో ఉన్నవాళ్లకి ఈ ముఖం కనపడకూడదని ఆమె తంటాలు. అవమానం అతనిది, దాన్ని దాచే పని ఆమెది. పెళ్లి కాకముందే ఆ పని ఆమె ఉద్యోగమైపోయింది. సిల్వియా సిడ్నీకి అప్పటికి ఇరవై రెండేళ్లు నిండలేదు. పెదవులు నవ్వుతూ ఉంటే కళ్లు వేరే మాట చెప్పడం ఆమెకి వచ్చినంతగా ఆ తరంలో చాలామందికి రాలేదు.

ఇక పెళ్లి ఘట్టం. ఉంగరం తొడగాల్సిన వేళకి ఉంగరం కనపడదు. జేబులు తడుముకుంటారు. చివరికి చేతికి దొరికేది సీసా బిరడా లాగే కార్క్‌స్క్రూ. దాని గుండ్రటి కొసనే జోన్ వేలికి తొడుగుతాడు. తంతు ఆగదు, సాగిపోతుంది. ఈ సంగతి నోటితో చెప్తే జోకులా ఉంటుంది. తెర మీద చూస్తే నవ్వు సగంలో ఆగిపోతుంది. తాగుడు సామాను వేలికి తొడిగి పెళ్లయిందనిపించారు. సెన్సారు లేచి అడగడానికి ఏమీ లేదు, బోధ చేసే డైలాగు ఒక్కటీ లేదు. కథ ఎటు పోబోతోందో మాత్రం వస్తువే చెప్పేసింది. టాకీలు వచ్చిన కొత్తలో నటులంతా మైకు ముందు నిలబడి పాఠం అప్పగించినట్టు మాట్లాడుతున్న రోజులవి. అప్పుడు కూడా మాటకన్నా వస్తువు చేత చెప్పించడం తెలిసిన దర్శకురాలు ఆవిడ.

ఒక సంగతి మర్చిపోకూడదు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్య నిషేధం. అంటే ఈ సినిమాలో గ్లాసుల్లోకి వచ్చే మందు అమ్మడం చట్టవిరుద్ధమే. అయినా ఎవరూ చుట్టూ చూసి తాగరు. చట్టం కాగితం మీద ఉంది, సీసా బల్ల మీద ఉంది. మనకి ఇది కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారు. ఆ ఉద్యమం పెరిగి పెరిగి 1995లో రాష్ట్రమంతా మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్లు తాగినవాడి కథ చెప్పలేదు. తాగినవాడు ఇంటికొచ్చాక జరిగే కథ చెప్పారు. ఆర్జ్‌నర్ సినిమా చెప్పేదీ అదే కథ. షికాగోలో, పట్టు గౌన్లలో, పింగాణీ కప్పుల మధ్య జరిగింది, అంతే తేడా.

పెళ్లయ్యాక కొంతకాలం జెర్రీ తాగడు. కూర్చుని నాటకం రాస్తాడు. ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. న్యూయార్క్ వెళ్తారు. అక్కడ నాయిక వేషానికి వచ్చేది క్లేర్ హెంప్‌స్టెడ్. జెర్రీ ఒకప్పుడు ప్రేమించిన మనిషి. ఆమె తగిలింది, సీసా కూడా మళ్లీ తగిలింది. తాగుడు వల్ల ఆవిడ వచ్చిందా, ఆవిడ వల్ల తాగుడు వచ్చిందా అన్న వాదన సినిమా పెట్టుకోదు. ఇంట్లో కూర్చున్న మనిషికి రెండూ ఒకటే కదా.

ఒక రాత్రి జెర్రీ క్లేర్ దగ్గరికి వెళ్లబోతాడు. జోన్ తలుపుకి తాళం వేస్తుంది. మామూలు సినిమా అయితే ఆ తలుపు దగ్గరే గెలుపు. భార్య నిలదొక్కుకుంది, భర్తకి బుద్ధి వచ్చింది, శుభం కార్డు. ఇక్కడ జోన్‌కి ఒక సంగతి తట్టినట్టు అనిపిస్తుంది: తాళం వేసి నిలబెట్టుకున్న మొగుడు ఇంట్లో ఉన్నా లేనట్టే. తాళం తనే తీస్తుంది. వెళ్లమంటుంది. ఇది త్యాగమూ కాదు, శాపమూ కాదు. కాపలా కాయడం తన వల్ల కాదని చెప్పడం. ఈ తలుపు ఘట్టం ఒక్కటి చాలు, దీన్ని సినిమా స్కూళ్లలో పాఠం పెట్టడానికి. ఎక్కడైనా పెట్టారా?

ఆ తర్వాత జోన్ ఎదురు తిరుగుతుంది. మొగుడికి ఆధునికంగా బతికే హక్కు ఉంటే పెళ్లానికీ ఉంటుందని చెప్పి, తనూ అలంకరించుకుని, తనూ గ్లాసు పట్టి, తన పక్కన ఇంకో అందగాణ్ని పెట్టుకుని విందులకి బయల్దేరుతుంది. ఇక్కడ నాకు గురజాడ ‘దిద్దుబాటు’ గుర్తొస్తుంది. 1910 నాటి కథ. సానిదాని పాట విని పొద్దుపోయాక ఇంటికొచ్చిన గోపాలరావుకి కమలిని ఉత్తరం రాసిపెట్టి, పుట్టింటికి పోయినట్టు నటించి, మంచం కింద దాక్కుని బుద్ధి చెప్తుంది. ఒక్క రాత్రిలో మొగుడు దిద్దుకుంటాడు. నవ్వుతాం, సంతోషిస్తాం. కమలిని పాఠం పనిచేసింది, ఎందుకంటే గోపాలరావుకి వినే చెవి ఇంకా ఉంది. జోన్‌ది కూడా కమలిని ఆటే. కాని ఆమె పాఠం పనిచేయదు. జెర్రీ చూసి బాధపడతాడు, ఇంకో గ్లాసు పోసుకుంటాడు. బుద్ధి చెప్పబోయిన మనిషే చెడిపోవడం మొదలవుతుంది. అద్దంలో ముఖం చూపిస్తే మొగుడు మారతాడన్న నమ్మకం మన కథల్లో, సినిమాల్లో ఎంత పాతుకుపోయిందో! ఆ నమ్మకాన్ని 1932లోనే ఒకావిడ పట్టుకుని, ఇది అన్నిసార్లూ పనిచేయదమ్మా అని చెప్పింది. దీన్ని చూసి ‘ఆ రోజుల్లోనే ఎంత బరితెగించారో’ అని కన్ను గీటేవాళ్లకి ఏం చెప్పాలి? ఆ విందుల్లో జోన్ ముఖం చూశారా అసలు?

ఇక్కడే నా ఫిర్యాదు మొదలవుతుంది. ఈ సినిమాని మర్చిపోయారని మాత్రమే నేను అనడం లేదు. గుర్తున్నవాళ్లు కూడా మూడు చీటీలు అంటించి పక్కన పెట్టేశారు. ఆ మూడింటిలో ఒక్కటీ సినిమా గురించి కాదు.

మొదటి చీటీ ‘ప్రీ కోడ్’. అమెరికాలో సినిమావాళ్లు తమకి తాము రాసుకున్న నీతి నియమావళి 1930లోనే వచ్చింది. దాన్ని గట్టిగా అమలు చేసింది మాత్రం 1934 జులై నుంచి. ఆ మధ్య నాలుగేళ్ల సినిమాల్ని ‘మసాలా సినిమాలు’ అన్నట్టుగా ఇప్పుడు కట్టలు కట్టి అమ్ముతారు. 2009లో యూనివర్సల్ కంపెనీ వేసిన అలాంటి డీవీడీ పెట్టెలోనే ఇది బయటికొచ్చింది. కొనేవాళ్లు అందులో వెతికేది పొట్టి గౌన్లు, రెండర్థాల మాటలు. మొగుడి తాగుడు చూడటానికి ఆ పెట్టె ఎవరు కొంటారు? ఈ సినిమాలో సాహసం ఒంటిమీది బట్టల్లో లేదు. పెళ్లి అనే ఒప్పందాన్ని పట్టుకుని, ఇందులో నా వాటా ఎంత అని భార్య చేత అడిగించడంలో ఉంది. 1934 తర్వాత ఆ ప్రశ్న అడగడానికి వీల్లేకుండా పోయింది. అసలు పేరులోనే ‘నరకం’ ఉందని విడుదలప్పుడే కొన్ని పత్రికలు ప్రకటన వేయడానికి మొరాయించాయి. పేరు చూసి భయపడ్డవాళ్లు ఒకరు, పేరు చూసి ఆశపడ్డవాళ్లు ఇంకొకరు. సినిమా మధ్యలో నలిగిపోయింది.

రెండో చీటీ ‘క్యారీ గ్రాంట్’. జోన్ విందులకి తీసుకెళ్లే ఆ అందగాడు అతనే. సినిమాల్లోకి వచ్చిన మొదటి ఏడాది. కనపడేది కాసేపు. అతని అభిమానులు ఆ కాసేపు కోసం చూస్తారు, ‘ఉన్నాడు, చిన్న వేషం’ అని రాసుకుని వెళ్లిపోతారు. సినిమా మొత్తం మీద సిడ్నీ ముఖం ఉంటే వాళ్లు రాసుకునేది గ్రాంట్ కోటు గురించి.

మూడో చీటీ అన్నిటికన్నా మర్యాదగా ఉంటుంది, అందుకే దానిమీద నాకు ఎక్కువ కోపం. ‘మహిళా దర్శకురాలి సినిమా’. 1930లలో హాలీవుడ్ పెద్ద స్టూడియోల్లో వరసగా సినిమాలు తీసిన స్త్రీ ఆర్జ్‌నర్ ఒక్కరే. మూకీల రోజుల్లో లోయిస్ వెబర్ లాంటివాళ్లు చాలామందే ఉండేవారు. సినిమా పెద్ద వ్యాపారమయ్యేసరికి ఒక్కొక్కరినే గెంటేశారు. ఆర్జ్‌నర్ నిలబడింది ఎవరి దయవల్లా కాదు. 1919లో స్క్రిప్టులు టైపు కొట్టే పనిలో చేరింది. అక్కణ్నుంచి ఎడిటింగ్‌కి వెళ్లింది. 1922లో వాలెంటినో నటించిన ‘బ్లడ్ అండ్ శాండ్’లో ఎద్దుల పోరు దృశ్యాల కూర్పుతో అందరి కళ్లలో పడింది. డైరెక్షన్ ఇవ్వకపోతే వేరే కంపెనీకి పోతానని గట్టిగా చెప్పి 1927లో మొదటి సినిమా సంపాదించుకుంది. 1929లో క్లారా బో మొదటి టాకీ ‘ది వైల్డ్ పార్టీ’కి ఆవిడే దర్శకురాలు. ఎక్కడో దాచిన మైకు దగ్గరికి నడిచి వెళ్లి మాట్లాడాలంటే క్లారా బోకి బెదురు. అప్పుడు ఆర్జ్‌నర్ మైకుని చేపల గాలం కర్రకి కట్టించి నటి తల మీదుగా తిప్పించిందని చెప్తారు. 1943లో సినిమాలు ఆపేసింది. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ఆవిడ శిష్యుడు. 2018లో పారామౌంట్ తన ఆవరణలో ఒక భవనానికి ఆవిడ పేరు పెట్టుకుంది.

చూశారా, ఇదంతా నేనూ రాసేశాను. వ్యాసాలన్నీ ఇక్కడే ఆగిపోతాయి. టైపిస్టు, గాలం కర్ర, శిష్యుడు కొప్పోలా, భవనానికి పేరు. అంత కష్టపడి ఆవిడ తీసిన సినిమా ఎలా ఉందని అడిగే నాథుడు లేడు. ఆడమనిషి సినిమా తీయడమే వింత అన్నట్టు చూస్తే, తీసినదాన్ని చూడాల్సిన అవసరం తప్పిపోతుంది. గౌరవం చేసినట్టూ ఉంటుంది, పని తప్పించుకున్నట్టూ ఉంటుంది. సన్మానం చేసి శాలువా కప్పి పుస్తకం చదవని సభలు మనకి తెలియనివా?

లోపాలు లేవా? ఉన్నాయి. జెర్రీ స్నేహితుడి హాస్యం అక్కడక్కడ సాగదీసినట్టుంటుంది. జోన్ తండ్రి కథ అవసరం కొద్దీ వస్తాడు, పోతాడు. కొన్ని సన్నివేశాలు నాటకం తెర దించినట్టు ముగుస్తాయి. తొలి టాకీలన్నిటిలో ఉన్న లోపాలే ఇవి. వేరే సినిమాల్లో వీటిని ‘ఆ కాలం అందం’ అని మెచ్చుకునేవాళ్లు, ఇందులో మాత్రం ‘పాతబడింది’ అంటారు.

అందరూ పట్టుకునే పెద్ద తప్పు ముగింపు. జోన్ గర్భవతి. ఆరోగ్యం బాగా లేదు. ఆ కబురు చెప్దామని మొగుడి దగ్గరికి వెళ్తే అక్కడ క్లేర్ ఉంటుంది. చెప్పకుండానే పుట్టింటికి వచ్చేస్తుంది. జెర్రీ క్లేర్‌నీ వదిలేస్తాడు, సీసానీ వదిలేస్తాడు, షికాగో వచ్చి మళ్లీ విలేఖరి పనిలో చేరతాడు. మామగారు భార్యను కలవనివ్వడు. చివరికి ఆస్పత్రికి చేరుకునేసరికి బిడ్డ పోయింది. జోన్ ఒంట్లో జ్వరం, మనసులో మైకం. జెర్రీ మంచం పక్కన వంగితే అతన్ని పట్టుకుని ‘నా బిడ్డ’ అంటుంది. సినిమా అయిపోతుంది. ఇది చూసి ‘ఇంత ధైర్యంగా తీసి ఆఖర్న మొగుడి కాళ్ల దగ్గర పడేసింది’ అని విమర్శ.

ఆ చివరి నిమిషం మళ్లీ చూడండి. జెర్రీ మాటలన్నీ ప్రేమ, పశ్చాత్తాపం. జోన్ నోట వచ్చేది మొగుణ్ని పిలిచే పిలుపు కాదు. ఆమెకు బిడ్డ లేదు, చేతుల్లో ఉన్నది ఈ మనిషి. ఇన్నాళ్లూ ఇతన్ని నిద్రపుచ్చింది, బట్టలు మార్చింది, లోకం ముందు వెనకేసుకొచ్చింది. తల్లి చేసే చాకిరీ ఏం తక్కువ చేసింది? ఇకముందు కూడా అదే చేయబోతోందని ఒక్క పిలుపుతో చెప్పేసింది. ఇది కలిసిపోవడమా? కలిసిపోవడానికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఆ గదిలో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరికీ ఒంట్లో ఓపిక లేదు. సినిమాకి శుభం కార్డు కావాలి కాబట్టి ఆర్జ్‌నర్ వాళ్లిద్దర్నీ ఒక చట్రంలో పెట్టి ఇచ్చింది. ఆ చట్రంలో ఉన్నది శుభమో కాదో తేల్చుకోమని చూసేవాళ్లకి వదిలేసింది. ఇదే పని డగ్లస్ సర్క్ అనే హాలీవుడ్ దర్శకుడు 1950లలో చేస్తే పుస్తకాల మీద పుస్తకాలు రాశారు. ఇరవై ఏళ్లు ముందు చేసినావిడకి మాత్రం ‘ముగింపులో రాజీపడింది’ అని మార్కులు కోశారు.

1945లో వచ్చిన బిల్లీ వైల్డర్ ‘ది లాస్ట్ వీకెండ్’ ఆస్కార్లు పట్టుకుపోయింది. తాగుడుని వ్యాధిగా చూపించిన గొప్ప సినిమా అన్నారు. నిజమే, గొప్పదే. దాని కెమెరా మాత్రం తాగేవాడి గొంతులోంచి, తాగేవాడి పీడకలలోంచి చూస్తుంది. మన దేవదాసు సంగతీ అంతే కదా. 1953 నుంచి మనం ఏడుస్తున్నది ఎవరి కోసం? గ్లాసు పట్టుకున్నవాడి కోసం. తాగుబోతు బాధలో ఒక కవిత్వం ఉంటుంది, పాట పెట్టుకోవచ్చు. వాడు కక్కింది ఎత్తిపోసేవాళ్ల బాధకి పాట కుదరదు. అందుకే దాన్ని ఎవరూ తీయరు, తీసినా ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ సినిమా మరుగున పడటానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. ప్రింటు పాతబడటమో పేరు అభ్యంతరకరం కావడమో కాదు. మనం ఎవరి వైపు నుంచి ఏడవడానికి అలవాటుపడ్డామో ఆ వైపున ఇది నిలబడలేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. 1932 మనకీ ముఖ్యమైన ఏడాదే. ఆ ఫిబ్రవరిలోనే హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. మన మొదటి టాకీ. ఇవాళ దాని ప్రింటు లేదు. ఫోటోలు చూసి, పాత ప్రకటనలు చదివి, చూసినవాళ్లు రాసిపెట్టిన నాలుగు మాటలు తిప్పితిప్పి చెప్పుకుంటున్నాం. పోయినదాని విలువ మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆర్జ్‌నర్ సినిమాకి ఆ గతి పట్టలేదు. 1958లో పారామౌంట్ తన పాత టాకీల్ని గుంపగుత్తగా ఎంసీఏ కంపెనీకి అమ్మేసినప్పుడు అదీ చేతులు మారింది. అయినా సినిమా పోలేదు. 2021లో క్రైటీరియన్ కంపెనీ దాన్ని శుభ్రం చేసి బ్లూరే కూడా వేసింది. బొమ్మ మెరుస్తోంది, మాట స్పష్టంగా వినిపిస్తోంది. ఇంత దక్కాక కూడా చూడకపోతే అది కాలం చేసిన నేరం కాదు, మనం చేసిన నేరం.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. ఫిల్మ్ క్లబ్బులవాళ్లు ఒక సాయంత్రం దీనికి ఇవ్వండి. ముందు పరిచయ ప్రసంగంలో గాలం కర్ర కథ చెప్పకండి, క్యారీ గ్రాంట్ పేరెత్తకండి. కార్క్‌స్క్రూ ఘట్టం దగ్గర హాల్లో ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో గమనించండి. అయిపోయాక ఆ నవ్వనివాళ్ల చేత మాట్లాడించండి. సినిమా పాఠాలు చెప్పేవాళ్లు ఆ తలుపు తాళం ఘట్టాన్ని పిల్లలకి వేసి, ఇక్కడ కెమెరా ఎవరి పక్షమని అడగండి. రాసేవాళ్లు ‘తొలి మహిళ’, ‘ఏకైక మహిళ’ అన్న మాటలు కాసేపు పక్కన పెట్టి, దృశ్యం దృశ్యంగా రాయండి. బాగాలేదంటారా, చూసి అనండి, వింటాను.

పెళ్లి మీద గొప్ప సినిమాల జాబితా ఎవరు వేసినా బెర్గ్‌మన్ ‘సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్’తో మొదలుపెడతారు. 1973 నాటిది. దాని పైన ఒక గీత గీసి ఆర్జ్‌నర్ పేరు రాయండి. గొప్పతనం సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు తారీకుల వరస చూసినా ఆవిడ నలభై ఏళ్లు పైనే ఉంటుంది.